బ్లఫ్ ఆల్చిప్పలకు పదో స్థానం

మారివిక్ మొదట తన కళ్ళనే నమ్మలేదు. అద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. రెండు కాగితాలనూ వంటింటి బల్లమీద పక్కపక్కన పరిచి, పేరు కింద వేలుంచి చదివింది. ఓర్లాన్ ప్రూయిట్, బుట్ట దగ్గర ఆడే సెంటర్, ఆరడుగుల పదకొండంగుళాలు, బ్లఫ్ ఆల్చిప్పల జట్టు. సెప్టెంబరులో ఆటగాళ్ళని పంచుకున్న రోజున అతని గురికి ఉన్న మార్కులు నలభై ఒకటి. ఇవాళ దాదో అన్న అచ్చు తీసి ఇచ్చిన కాగితంలో డెబ్బై ఎనిమిది.

ఓర్లాన్ ప్రూయిట్ అనేవాడు ఈ భూమ్మీద ఎక్కడా లేడు. వాడి జట్టూ లేదు, వాడు ఆడే మైదానమూ లేదు. ఉన్నదల్లా దాదో అన్న పాత ల్యాప్‌టాప్. అందులో పది బాస్కెట్‌బాల్ జట్లు, నూట ఇరవైమంది ఆటగాళ్ళు. అందరూ కంప్యూటరు పుట్టించినవాళ్ళే. జట్ల పేర్లు మాత్రం మనుషులు పెట్టినవే, ఒక ఊరూ ఆ ఊళ్ళో పేరుపడ్డ వస్తువూ కలిపి. గొర్రె మాంసం ఫ్యాక్టరీలో ఎముకలు విడదీసే గదిలోనూ, పక్కనున్న పెట్టెల విభాగంలోనూ పనిచేసే పదిమంది తలా ఒక జట్టుకి యజమానులు. ఆదివారం చర్చి అయ్యాక దాదో ఒక మీట నొక్కుతాడు. జట్టుకి అయిదేసి మ్యాచులు గడగడా ఆడేసి ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో కంప్యూటరే చెప్పేస్తుంది. గెలుపోటములు ఎవరైనా లెక్కపెట్టుకోవచ్చు. నిజానికి ఎవరు బలవంతులు, ఎవరిది గాలివాటం గెలుపు అన్నది తేల్చి, బుధవారం పొద్దున టీ గది గోడకి బలాల పట్టిక అంటించే పని మాత్రం మారివిక్‌ది. ఒక్కో జట్టుకి రెండేసి వాక్యాలు, చురకలతో సహా. ఆ చురకల కోసం టీ కప్పులు పట్టుకుని జనం గోడ దగ్గర తోసుకునేవారు. నాలుగేళ్ళుగా ఆమె చేతిమీదుగా వెళ్ళిన గొర్రె తొడల్లో ఒక్కదానిమీదా ఆమె పేరు లేదు. ఆ పట్టిక కింద ఉండేది.

ఆమె మిగతా పేర్లూ చూసింది. బ్లఫ్ ఆల్చిప్పల్లో ఇంకో ఇద్దరి మార్కులు కూడా అలాగే ఎగబాకాయి. తక్కిన తొమ్మిది జట్లనీ వరసగా సరిచూసింది. ఎక్కడన్నా ఒకటీ అరా తేడా. అది సాధన చేస్తే వచ్చేదే. ముప్పై ఏడు మార్కులు సాధనతో రావు.

మ్యాచులు మొదలైన ఈ రెండు వారాల్లో బ్లఫ్ ఆల్చిప్పలు పదింట తొమ్మిది గెలిచి అందరికన్నా పైనున్నాయి. ఆ జట్టు యజమాని గేవిన్ స్ట్రోనాక్. ఎముకల గదికీ, పెట్టెల విభాగానికీ సూపర్‌వైజరు.

"ఏంటలా బిగుసుకుపోయావు?" అన్నాడు ఎలీ, పొయ్యిమీద పంది మాంసం పులుసు కలుపుతూ. పాల డెయిరీలో ఆదివారం తెల్లవారుజామున కూడా పని ఉంటుంది కాబట్టి ఆమె భర్త మధ్యాహ్నానికే నిద్రమొహంతో ఉన్నాడు.

"ఎవరో నంబర్లు మార్చారు."

"ఆటలోనా? పోనీలే, ఆటే కదా."

"బాస్ జట్టువి."

ఎలీ గరిటె గిన్నె అంచుమీద పెట్టాడు. పొయ్యి తగ్గించాడు. వచ్చి ఆమె భుజంమీంచి కాగితాల వైపు చూశాడు కానీ, చదవలేదు.

"మారీ, మన వీసా కాగితాలు ఎప్పుడు వెళ్ళాలి?"

"ఈ నెలాఖరుకి."

"ఆయన సిఫారసు రాస్తేనేగా ఫ్యాక్టరీ పంపేది?"

"అవును."

"అయితే ఆయన్ని మొదటి స్థానంలో రాసెయ్. మంచి మాటలు రెండు రాయి." రెండు కాగితాల్నీ ఒకదానిమీద ఒకటి పెట్టి ఆమెవైపు జరిపాడు. "నీ వీసాకి తోకలాగా నా వీసా ఉంది. అది మర్చిపోకు."

ఆమె మర్చిపోలేదు. వాళ్ళు పనికోసం వచ్చిన ఈ దక్షిణపు దేశంలో డిసెంబరంటే నడివేసవి; వెలుతురు కిటికీలోంచి ఎంతకీ పోని ఆ సాయంత్రమంతా ఆ రెండు కాగితాల్నీ మడుస్తూ, విప్పుతూ గడిపింది.

సోమవారం బెల్టు మామూలుకన్నా వేగంగా నడిచింది. కొత్త గొర్రెపిల్లల సీజను మొదలై మూడు వారాలే అయింది. ఇంకా చేతులు అలవాటు పడలేదు. ఎడమ చేతికి ఉక్కు గొలుసుల గ్లౌజు, కుడిచేతిలో సన్నటి కత్తి. తొడ వచ్చి ముందు ఆగినట్టే ఆగి జరిగిపోతుంది. ఆ లోపల తుంటి దగ్గర కొవ్వు తీసెయ్యాలి, గ్రంథి వెతికి కోసెయ్యాలి, ఎముక అంచు శుభ్రం చెయ్యాలి. పదకొండు సెకన్లు. ఆపైన ఇంకోటి.

తెల్ల రబ్బరు బూట్లు తడినేలమీద చేసే చప్పుడు ఒక్కొక్కరిది ఒక్కోరకంగా ఉంటుంది. స్ట్రోనాక్ అడుగు బరువుగా పడి, కాస్త ఈడ్చుకుపోతుంది. ఆ చప్పుడు వెనక వచ్చి ఆగింది.

"ఏం మారివిక్, ఈ వారం ఎన్నో స్థానం నాకు?"

ఆమె తల తిప్పలేదు. బెల్టు నడుస్తుంటే తల తిప్పకూడదు.

"ఇంకా చూస్తున్నాను బాస్."

"పోయినవారం అయిదో స్థానంలో పెట్టి అదృష్టం అని రాశావు. తొమ్మిది మ్యాచులు అదృష్టమేనా?" నవ్వాడు. రెండు వేళ్ళు లేని ఆ పెద్ద ఎడమ చెయ్యి వచ్చి ఆమె ముందున్న ఉక్కు బల్లమీద ఆనింది. పదహారేళ్ళకే ఇక్కడ చేరినవాడు; ఆ వేళ్ళు ఇక్కడి రంపానికే పోయాయి. "బుధవారం చూస్తాను. బాగా రాయాలి."

బూట్ల చప్పుడు దూరమైంది. మారివిక్ గ్రంథి వదిలేసి తొడని పంపేసిందని అవతలి మనిషి అరిచేదాకా ఆమెకే తెలియలేదు.

టీ వేళ ఆమె దాదోని బూట్లు కడుక్కునే చోట పట్టుకుంది. దాదో పెట్టెల్లో మాంసం సర్దే విభాగంలో ఉంటాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. బలహీనంగా కనబడతాడు గానీ పాతిక కిలోల పెట్టెల్ని వరసగా ఎత్తగలడు. గొట్టంతో నీళ్ళు కొట్టుకుంటూ, ఆమె చేతిలో మడతపెట్టి ఉన్న కాగితం చూడగానే గొట్టం కట్టేశాడు.

"నీ దగ్గర సెప్టెంబరు కాగితం ఉంటుందని తోచలేదమ్మా," అన్నాడు.

"అన్నా, నువ్వేనా?"

దాదో అటూ ఇటూ చూశాడు. ఆవిరి నిండిన ఆ వసారాలో వాళ్ళిద్దరే ఉన్నారు.

"రోడెల్ ఇక్కడి పని మానేసి క్వీన్స్‌లాండ్ వెళ్ళిపోతూ తన జట్టు వదిలేశాడు కదా. అన్నిట్లోకీ అధ్వాన్నమైన జట్టు. గోడమీది కాగితం చూసి, నన్నూ చేర్చుకోండి అన్నాడు బాస్. ఏమనమంటావు? అది ఓడిపోయే జట్టు బాస్, మీకొద్దు అనమంటావా?"

"ఆయన మార్చమని అడిగాడా?"

"అడగాలా?" దాదో గొంతు తగ్గించాడు. "ఆయన ఓడిపోయిన సోమవారం బెల్టు ఎలా నడుస్తుందో ఆలోచించాను. అంతే. నా వీసా ఈ నెలే. ఈ వయసులో నన్ను ఇంకెవరు తీసుకుంటారు? ఇద్దరు మనవళ్ళ చదువు నా పెట్టెలమీద నడుస్తోంది."

"మిగతావాళ్ళంతా ఓడిపోతున్నారు అన్నా. జున్‌రేది అన్నిట్లోకీ మంచి జట్టు. పదింట మూడే గెలిచాడు."

"జున్‌రేకి ఏం పోయింది? ఆటేగా." ఆమె చేతిని కాగితంతో సహా తన తడిచేతుల్లో పట్టుకున్నాడు. "ఆయన్ని మొదట పెట్టు తల్లీ. నాకోసం. వీసాలు వచ్చేదాకా. తర్వాత మెల్లిగా తగ్గించేస్తాను, ఎవరికీ తెలీదు."

ఆమె చెయ్యి విడిపించుకుని కాగితం జేబులో పెట్టుకుంది. గంట మోగితే ఇద్దరూ చెరోవైపు వెళ్ళారు.

జున్‌రేకి ఏం పోయిందో మంగళవారం తెలిసింది.

టీ గదిలో మైక్రోవేవ్ దగ్గర వరస కట్టి ఉన్నారు. అన్నం, ఎండుచేప వాసన. జున్‌రే ముప్పై ఏళ్ళవాడు. చెయ్యి చురుకు, నోరు ఇంకా చురుకు. ఎముకల గదికి కొత్తగా మేస్త్రీని వెయ్యబోతున్నారని, అది అతనికే వస్తుందని అందరూ అనుకుంటున్నారు. అతను కూడా అలాగే అనుకుంటూ, బడాయి చెయ్యకుండా ఉండటానికి కష్టపడుతున్నాడు.

స్ట్రోనాక్ మామూలుగా టీ గదికి రాడు. ఈ మధ్య వస్తున్నాడు. కప్పు పట్టుకుని వచ్చి గోడమీది ఫలితాల కాగితం ముందు నిలబడ్డాడు.

"జున్‌రే! మూడు గెలుపులేనా?"

"మీ దిష్టే తగిలింది బాస్. మీరు వచ్చినప్పట్నుంచీ నావాళ్ళకి బుట్ట కనబడటంలేదు."

అందరూ నవ్వారు. స్ట్రోనాక్ కూడా నవ్వాడు.

"మీ దేశంవాళ్ళు పుట్టడమే చేతిలో బంతితో పుడతారంటారుగా! నేను ఈ ఆట మొహం చూసి రెండు నెలలు కాలేదు. మీ అందర్నీ ఉతికి ఆరేశాను." ఒక గుక్క తాగాడు. "పన్నెండుమంది లేని మనుషుల్నే నడపలేనివాడివి, నలభైమంది ఉన్న మనుషుల్ని ఏం నడుపుతావోయ్? మేస్త్రీ పని మీద మళ్ళీ ఒకసారి ఆలోచించుకోవాలి నేను."

మళ్ళీ నవ్వులు, ఈసారి తక్కువగా. జున్‌రే కూడా నవ్వాడు. అతని పళ్ళు అలాగే కనబడుతూ ఉండిపోయాయి కానీ, కళ్ళు గోడమీది కాగితంమీద నిలిచాయి. స్ట్రోనాక్ వెళ్ళిపోయాక, "ఊరికే అంటున్నాడు, కదూ?" అని పక్కవాణ్ణి అడిగాడు. పక్కవాడు అన్నంలో చెంచా తిప్పాడు.

దాదో తన డబ్బా మూతపెట్టి లేచిపోయాడు. సగం కూడా తినలేదు.

ఆ సాయంత్రం మారివిక్ పట్టిక రెండుసార్లు రాసింది. మొదటిసారి బ్లఫ్ ఆల్చిప్పల్ని మొదటి స్థానంలో పెట్టి, "కొత్త యజమాని బుర్రే బుర్ర" అని రాసింది. చదువుకుంది. ఆ వాక్యం కింద తన పేరు ఉంటుంది. జున్‌రే దాన్ని చదువుతాడు. చింపేసింది. రెండోసారి సెప్టెంబరు కాగితం ముందు పెట్టుకుని రాసింది. ఎలీకి చెప్పలేదు.

"మొదటి స్థానం: జున్‌రే గారి కార్కార్ చెప్పులు. పదింట మూడే గెలిచాయి. చెప్పులు గట్టివే, దారే బాగాలేదు." "నాలుగో స్థానం: దాదో గారి జట్టు. ముసలి కాళ్ళు, మంచి మనసు." "ఆరో స్థానం: ఈ పట్టిక రాసేదాని జట్టు. యజమానురాలికి రాయడం వచ్చినంతగా ఆడించడం రాదు." అలా వరసగా వచ్చి, అట్టడుగున:

"పదో స్థానం: బ్లఫ్ ఆల్చిప్పలు. పదింట తొమ్మిది గెలిచాయి. సెప్టెంబరు కాగితంలో ఉన్న మనుషులే ఆడి ఉంటే ఈ జట్టు చోటు ఇదే."

బుధవారం అందరికన్నా ముందు వెళ్ళి అంటించింది. టేపు ముక్క మూడుసార్లు వేలికే అంటుకుపోయింది.

పొద్దుటి టీకి జనం మామూలుగా గోడ దగ్గర గుమిగూడారు. మొదటి వాక్యాలకి నవ్వులు వినిపించాయి. తర్వాత ఒక్కొక్కరూ కిందికి చదువుకుంటూ వచ్చి, ఒక్కొక్కరే నిశ్శబ్దంగా పక్కకి తప్పుకున్నారు. కాసేపటికి గోడ ముందు ఎవరూ లేరు. దాదో తలుపు దగ్గరే ఆగి, అక్కణ్ణించే చదివాడు. దూరం నుంచి అతనికి అక్షరాలు కనబడవు. జనం మొహాలు చాలు.

స్ట్రోనాక్ మధ్యాహ్నం వచ్చాడు. తెల్లకోటు జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నాడు. పైనుంచి కిందకి తీరిగ్గా చదివాడు. మధ్యలో ఒకచోట చిన్నగా నవ్వాడు కూడా. కిందికి వచ్చాక కదల్లేదు. తర్వాత కాగితాన్ని నాలుగు మూలలా జాగ్రత్తగా ఊడదీసి, నాలుగు మడతలు పెట్టి, జేబులో పెట్టుకుని, ఎవరివైపూ చూడకుండా వెళ్ళిపోయాడు.

"అక్కా," అన్నాడు జున్‌రే, బెల్టు దగ్గరికి నడుస్తూ, పెదాలు కదిలించకుండా. "నన్ను మొదటి స్థానంలో ఎందుకు పెట్టావు? నేనడిగానా? నేను చెప్పి రాయించాననుకుంటాడు."

తను ఎవరికి న్యాయం చేశాననుకుందో ఆ మనిషే ఇలా అంటాడని ఆమె అనుకోలేదు.

రెండు గంటలు బెల్టు నడిచింది. బూట్ల చప్పుడు విన్నప్పుడల్లా ఆమె భుజాలు వాటంతటవే ముడుచుకున్నాయి. కత్తి ఎముకని తగిలి ఒకసారి జారింది. ఉక్కు గ్లౌజు లేకపోతే బొటనవేలు పోయేదే. చివరికి ఆ చప్పుడు వచ్చింది, ఆగింది.

"కత్తి కడిగి లోపలికి రా."

కత్తిని వేడినీళ్ళలో ముంచి ఒరలో పెట్టి, ఆప్రాన్ విప్పి కొక్కేనికి తగిలించి, బెల్టు పక్కనుంచి గది ఆ చివర ఉన్న గాజు తలుపు దాకా నడవాలి. నలభైమంది మధ్యనుంచి. ఎవరూ తలెత్తలేదు. కత్తుల చప్పుడు మాత్రం ఆమె దాటిన చోటల్లా ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

గదిలో బల్లమీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి ఉన్నాయి. ఒకటి ఈ వారానిది. రెండోది పాతది, కాఫీ మరక ఉన్నది. రోడెల్ జట్టుతోపాటు ఇచ్చిపోయిన సెప్టెంబరు కాగితం. ప్రూయిట్ పేరు చుట్టూ ఎర్ర కలంతో గీత.

"ఇది నా డ్రాయర్లోనే ఉంది," అన్నాడు స్ట్రోనాక్. "రెండు నెలల నుంచీ. నేనెప్పుడూ తీసి చూడలేదు. గెలుస్తుంటే ఎవరు చూస్తారు?"

మారివిక్ నిలబడే ఉంది. బూట్లనుంచి నీళ్ళు కారి నేలమీద చిన్న మడుగు కడుతున్నాయి.

"నేను చేశాననుకున్నావా?"

"లేదు బాస్."

"ల్యాప్‌టాప్ ఎవరిదో నాకు తెలుసులే. నువ్వు చెప్పక్కర్లేదు." ముక్కుమీది అద్దాలు తీసి కళ్ళు నలుపుకున్నాడు. "చెయ్యమని నేనడిగానా? ఎప్పుడైనా, నవ్వులాటకైనా?"

"అడగలేదు."

"మరెందుకు?"

ఆమె బల్లమీది ఎర్ర గీత చూసింది. ఏదో ఒకటి చెప్పి బయటపడాలి. అబద్ధం ఒకటి వెతికింది, దొరకలేదు.

"భయం బాస్."

"నేనంటేనా?" నవ్వబోయాడు. "నేనేం చేస్తాననుకున్నారు?"

"తెలీదు. మీరేం చేస్తారో తెలీదు. అందుకే భయం."

స్ట్రోనాక్ ఆ మాటకి కుర్చీలో వెనక్కి వాలాడు. గాజు తలుపు అవతల బెల్టు నడుస్తోంది.

"మొదటి వారం ఫలితాల కాగితం మా ఆవిడ ఫ్రిజ్‌కి అంటించింది," అన్నాడు. "ముప్పై తొమ్మిదేళ్ళలో ఆ ఫ్యాక్టరీలో నువ్వు గెలిచింది ఇదొక్కటే అంది. పెర్త్‌లో ఉన్న మా తమ్ముడికి ఫోన్ చేసి మరీ చెప్పాను. ఓర్లాన్ ప్రూయిట్ గురించి వాడికి అరగంట చెప్పాను." మెడ, చెవులు ఎర్రబడ్డాయి. గొంతు ఒక్కసారిగా గట్టిపడింది. "అందరికీ తెలుసా? అందరూ నవ్వుకుంటున్నారా?"

"ఎవరికీ తెలీదు బాస్. ఇవాళే..."

"ఇవాళ తెలిసింది. గోడమీద తెలిసింది. ముందు నాకొచ్చి చెప్పొచ్చుగా?"

ఆ మాట నిజమే అనిపించింది ఆమెకి. కానీ ఈ గాజు తలుపు తనంతట తాను ఎప్పుడు తోసింది? నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా లేదు.

"వెళ్ళు," అన్నాడు. "నీ చోటు ఖాళీగా ఉంది."

గురువారం దాదోని పిలిచాడు. పావుగంట. బయటికి వచ్చిన దాదో నేరుగా తన చోటికి వెళ్ళాడు. పెట్టెలు ఎత్తుతూనే ఉన్నాడు. మారివిక్ ఎదురైతే గోడవైపు తిరిగి దారిచ్చాడు. టీ గదిలో నిన్నటిదాకా ఆమె పక్కన కూర్చున్నవాళ్ళు ఇవాళ తమ అన్నం డబ్బాలతో అవతలి బల్లకి వెళ్ళిపోయారు. కోపంగా కాదు, వాన పడుతుంటే చూరు కిందికి జరిగినట్టు జరిగారు. అంత పొడవు బల్లమీద ఆమె ఒక్కతే మిగిలింది.

శుక్రవారం ఆఫీసునుంచి గుమాస్తా అమ్మాయి వచ్చి, వీసా పొడిగింపు ఉన్నవాళ్ళ పాస్‌పోర్టు నకళ్ళు అడిగి తీసుకుంది. ఆరుగురిలో నలుగురివి.

"మరి నావి?" అంది మారివిక్.

అమ్మాయి జాబితా చూసుకుంది. "మీ కాగితాలూ, దాదోగారివీ గేవిన్ తన దగ్గరే పెట్టుకున్నాడు. వాటిని నన్ను ముట్టుకోవద్దన్నాడు."

ఇంటికెళ్ళి ఆ మాట చెబితే ఎలీ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. మంచంకింద నుంచి సూట్‌కేసు లాగి, దాని జిప్పు పనిచేస్తుందో లేదో చూశాడు. ఇటూ అటూ లాగి, మళ్ళీ లోపలికి తోసేశాడు. శనివారం ఇద్దరూ ఒకే ఇంట్లో ఒకరి చప్పుడు ఒకరు వింటూ గడిపారు.

ఆదివారం చర్చి వెనక హాల్లో ఎప్పటికన్నా ఎక్కువమంది చేరారు. లీగులో లేనివాళ్ళు కూడా వచ్చారు. దాదో ల్యాప్‌టాప్ తెరిచి, దాని వెనక దాక్కున్నట్టు కూర్చున్నాడు. మొహం పీక్కుపోయింది. ఎవరో నూడుల్స్ తెచ్చి బల్లమీద పెట్టారు. ఎవరూ మూత తియ్యలేదు.

తలుపు తెరుచుకుంది. స్ట్రోనాక్. తెల్లకోటు, టోపీ లేకుండా ఆయన్ని చాలామంది ఎప్పుడూ చూడలేదు. ఊలు స్వెట్టరు వేసుకున్నాడు, బట్టతల, అనుకున్నదానికన్నా పొట్టిగా ఉన్నాడు. కూర్చున్నవాళ్ళు లేవబోయారు. చెయ్యి ఊపి కూర్చోమన్నాడు. తను కూర్చోలేదు.

"ఒక్క ముక్క చెప్పి నా చోట నేను కూర్చుంటాను," అన్నాడు. గొంతు బెల్టు గోలలో వినబడేటంత గట్టిగా మొదలై, ఆ చిన్న హాల్లో తనకే వెగటనిపించినట్టు తగ్గింది. "దాదో, మారివిక్. మీ ఇద్దరి సిఫారసులు నేనే స్వయంగా రాసి, శుక్రవారం సాయంత్రం సంతకం పెట్టి పంపేశాను. వెళ్ళిపోయాయి. ఇంక నేను వెనక్కి తీసుకుందామన్నా నావల్ల కాదు. అర్థమైందా?"

దాదో ల్యాప్‌టాప్ మూత కాస్త దించి ఆయన మొహం చూశాడు. మారివిక్ పక్కనున్న కుర్చీలో కూర్చుంది.

"సెప్టెంబరు నంబర్లతో మొదటి మ్యాచు నుంచి మళ్ళీ ఆడించు," అన్నాడు స్ట్రోనాక్. "నా ముందే."

దాదో పాత లెక్కలు ఎక్కించాడు. ఒక్కో జట్టునీ మారివిక్ కాగితంతో సరిచూసి సరేనంది. మీట నొక్కాడు. తెరమీద అంకెలు పరిగెత్తాయి. రెండు నిమిషాల్లో రెండు వారాలు అయిపోయాయి.

జున్‌రే ఎనిమిది గెలిచాడు. బ్లఫ్ ఆల్చిప్పలు ఒకటి గెలిచాయి.

గెలిచినందుకు జున్‌రే కేక వెయ్యలేదు. హాల్లో అందరి చూపులూ ఆ ఊలు స్వెట్టరు మీదే ఉన్నాయి. స్ట్రోనాక్ వంగి తెరని దగ్గరగా చూశాడు.

"ఆ ఒక్కటీ ఎవరి మీద?"

"నామీదే బాస్," అన్నాడు దాదో.

"ఈసారి నిజంగానేనా?"

"నిజంగానే. మావాడికి కాలు బెణికింది."

స్ట్రోనాక్ కుర్చీ లాక్కుని మారివిక్ ఎదురుగా కూర్చున్నాడు. స్వెట్టరు చేతులు పైకి మడిచి, జేబులోంచి పెన్సిలూ చిన్న కాగితమూ తీశాడు. చాలా పని పెట్టుకుని వచ్చినట్టుంది. కాగితం నిండా పేర్లు.

"నాకో సెంటర్ కావాలి. ప్రూయిట్‌ని ఇస్తాను, ఇంకొకణ్ణి కలిపి ఇస్తాను. నీ సెంటర్ని నాకివ్వు."

కాగితాలు వెళ్ళిపోయాయని ఆమెకి తెలుసు. ఇప్పుడే తన చెవులతో విన్నది. అయినా ఆ రెండు వేళ్ళులేని చెయ్యి బల్లమీద కనబడగానే భుజాలు ముడుచుకున్నాయి. ఇచ్చెయ్యి, పోయేదేముంది, అంది లోపలినుంచి పాత గొంతు. తన నోరు ఏమంటుందో తనే ఎదురుచూసింది.

"ఇవ్వను బాస్."

"ఎందుకివ్వవు?"

"ప్రూయిట్ గురి నలభై ఒకటి. మీ రెండోవాడు పరిగెత్తలేడు. ఆ ఇద్దర్నీ కలిపినా మావాడి మోకాలికి సరిపోరు."

స్ట్రోనాక్ కాగితంమీద ఒక పేరు కొట్టేశాడు. దాదోవైపు తిరిగాడు. "నువ్వు?"

దాదో తెరమీంచి కళ్ళు తియ్యలేదు. చూపుడువేలు మీటల మధ్య ఊరికే తిరిగింది.

"నేనూ... ఇవ్వలేను బాస్. ఇస్తే నా జట్టు పోతుంది."

స్ట్రోనాక్ ఇంకో పేరు కొట్టేశాడు. అతని మొహంలో చిరాకు లేదు. కొత్త పని నేర్చుకునేవాడి శ్రద్ధ ఉంది. "జున్‌రే?"

"ఎవరు కావాలంటే వాళ్ళని తీసుకోండి బాస్!" అన్నాడు జున్‌రే వెంటనే. "బదులు ఏమీ వద్దు."

అందరూ పగలబడి నవ్వారు. వారం రోజులుగా బిగపట్టుకున్న నవ్వు. స్ట్రోనాక్ కూడా నవ్వి, పెన్సిలు తీసుకుని రాయబోయాడు.

మారివిక్ నవ్వలేదు. ఆమె కూర్చున్న చోటునుంచి బల్లకింద జున్‌రే చేతులు కనబడుతున్నాయి. రెండూ మోకాళ్ళని గట్టిగా పట్టుకుని ఉన్నాయి, కణుపులు తెల్లబడేటట్టు.

"రాయకండి బాస్," అంది.

పెన్సిలు ఆగింది.

"మేస్త్రీ పని అతనికి ఇస్తారో ఇవ్వరో తేల్చి చెప్పండి. చెప్పాక అప్పుడు అడగండి. అప్పుడు చెప్పేదే అతని మాట."

ఎవరి నవ్వు వాళ్ళ మొహంమీదే ఆగిపోయింది. స్ట్రోనాక్ ఆమెవైపు చూశాడు, తర్వాత జున్‌రేవైపు. జున్‌రే తలవంచుకున్నాడు. స్ట్రోనాక్ కొంచెం పక్కకి ఒరిగి, బల్లకిందికి చూశాడు. చూసి, నిటారుగా కూర్చున్నాడు.

పెన్సిలు కాగితంమీద అడ్డంగా పెట్టేశాడు.

"రేపు పొద్దున," అన్నాడు మెల్లిగా. "అవుననో, కాదనో, రేపు పొద్దున చెప్పేస్తాను. ఇవాళ వాణ్ణి అడగను."